చెదిరిన రెండు తూటాలు

ఏకే రైఫిలు గొప్పదా ఇన్సాస్ రైఫిలు గొప్పదా అనే విషయం మీద హవల్దార్ బీరయ్యకూ అజ్మత్ అలీకీ పదమూడేళ్ళుగా తగువు నడుస్తోంది. ఆస్తి తగువైతే ఈపాటికి కోర్టులోనైనా తేలిపోయేది.

ఇద్దరూ సైన్యంలో చేసి వచ్చినవాళ్ళే. బీరయ్య పదిహేడేళ్ళు తుపాకి మోశాడు. అజ్మత్ అలీ ఆర్మరర్. అంటే తుపాకి చెడిపోతే విప్పి, తుడిచి, బాగుచేసి ఇచ్చే మనిషి. ఉద్యోగంలో ఉండగా ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. పెన్షన్ పని మీద బ్యాంకులో వరసలో నిలబడ్డప్పుడు మాట కలిసింది, చాయ్ దగ్గర తగువైంది, ఆ తగువే స్నేహమైంది.

బీరయ్యది ఫలక్‌నుమాలో పాల వ్యాపారం. తాతల నాటి కొట్టం, పదకొండు బర్రెలు. అజ్మత్ అలీది పత్తర్‌గట్టి వెనక సందులో కుట్టుమిషన్ల రిపేరు దుకాణం. రైఫిలు లోపలి స్ప్రింగులు విప్పిన చేతికి కుట్టుమిషను ఒక లెక్కా అంటాడాయన. దుకాణానికి సెలవు శుక్రవారం కాబట్టి ఆదివారం తెరిచే ఉంటుంది. ఆ రోజు పాలు పోయడం అయ్యాక బీరయ్య బండి మీద వచ్చి, దుకాణం ముందు బల్ల మీద కూర్చునేవాడు. కూర్చున్న పది నిమిషాలకల్లా ఇద్దరి గొంతులూ లేచేవి.

"ఏకేను బురదల ముంచి తీసినా పేలుతది భాయ్. నీ ఇన్సాస్‌ను అత్తరు పూసి పండవెట్టాలె" అనేవాడు బీరయ్య.

"పేలుడు వేరు, తగులుడు వేరు బీరన్నా" అని నింపాదిగా జవాబిచ్చేవాడు అజ్మత్ అలీ. "ఏకే మూడు వందల మీటర్ల దాకనే మాట మీద నిలవడ్తది. అటెన్క గోలీ ఏడ పోతదో గోలీకే తెల్వది. ఇన్సాస్ నాలుగు వందల దాకా సీదా పోతది. నూరు మీటర్ల మీద పది రౌండ్లు కొట్టు. ఏకేవి జానెడు జాగల వడ్తయ్, ఇన్సాస్‌వి బెత్తెడు జాగల. నేను చెప్తలేను, కాగితం చెప్తది."

"కాగితం మీద ఎవడు కొట్లాడతడు భాయ్?"

ఇలా ప్రతి వారమూ. వినేవాళ్ళకు విసుగే గాని వాళ్ళకు మాత్రం కాదు. అయితే బీరయ్యకు ఇన్సాస్ మీద ఉన్నది ఉత్త అయిష్టం కాదు, పగ. కశ్మీరు నుంచి తిరిగొచ్చిన ఏడాది యూనిట్‌లో ఇన్సాస్‌తో ఫైరింగ్ పెడితే, అప్పటిదాకా ఎన్నడూ ఫస్టు క్లాసు తప్పని బీరయ్యకు మూడో క్లాసు వచ్చింది. జూనియర్ల ముందు తల తీసేసినట్టయింది. చేతిలో లోపం లేదని ఆయనకు తెలుసు. ఇక మిగిలింది తుపాకే. ఆ రోజు నుంచి ఇన్సాస్ పేరెత్తితే ఆయన ముక్కు అదురుతుంది.

ఆ పగ తన దగ్గరే పెట్టుకుని ఉంటే ఏ గొడవా లేకపోను. కానీ ఆయన కూతురికి పోలీసు ఉద్యోగం వచ్చింది.

వర్షిత డిగ్రీ అయ్యాక రెండేళ్ళు చదివి, పరుగెత్తి, సాయుధ విభాగంలో కానిస్టేబుల్‌గా ఎంపికైంది. ఉత్తరం వచ్చిన నాడు తల్లి ఆండాలు గల్లీలో ఇంటింటికీ పాలకోవా పంచింది. బీరయ్య మాత్రం కోవా నోట్లో వేసుకోకుండా బిడ్డను కొట్టంలోకి పిలిచాడు. బర్రెల మధ్య గోనె సంచులు పరిచి, పారకట్టె చేతికిచ్చి, బోర్లా పడుకోబెట్టాడు. ఎదురుగా గోడకు నూనె కంపెనీ క్యాలెండర్ వేలాడుతోంది. దాని మీద బొగ్గుతో మనిషి బొమ్మ గీసి, నడుముకు బెల్టు కూడా గీశాడు.

"ఏడ గురి వెట్టాలె?" అని అడిగాడు.

"ఛాతి మీద" అంది వర్షిత.

"పుస్తకాలల్ల గట్లనే ఉంటది. నువ్వు బెల్టు మీద వెట్టు. గోలీ లేస్తది, పోయి ఛాతిల వడ్తది. ఇది పానం మీదికొచ్చి నేర్చుకున్న ముచ్చట బిడ్డా. అక్కడ ఫైరింగ్ నేర్పే ఉస్తాద్‌కు చెప్పకు. ఆయన పుస్తకం చదివి వచ్చినోడు, నవ్వుతడు."

నిజంగానే ప్రాణం మీదికొచ్చి నేర్చుకున్నాడు. కశ్మీరులో ఒక ఆపిల్ తోటలో తొంభై మీటర్ల దూరంలో ఒక మిలిటెంట్ కనబడ్డాడు. బీరయ్య ఏకేతో సరిగ్గా ఛాతి చూసి కొట్టాడు. తూటా వాడి భుజం మీది నుంచి పోయింది. వాడు తిరిగి కొట్టిన దెబ్బ పక్కనున్న జవాను రామ్‌చందర్ మోచేతిలో దిగింది. రామ్‌చందర్ బతికాడు, చెయ్యి మాత్రం ముడుచుకోదు. ఆ సాయంత్రం సుబేదార్ బీరయ్యను నిలబెట్టి కడిగి పారేశాడు. దగ్గరగా ఉంటే బెల్టు చూడరా, ఛాతి కాదు అని. ఆ మాట బీరయ్య ఒంట్లోకి దిగిపోయింది. తర్వాత ఎన్నడూ ఛాతి చూసి కొట్టలేదు.

బిడ్డ కూడా ఆ మాటను అంతే భక్తిగా పట్టుకుంది. ఉదయం పాలు పితికేటప్పుడు ఓసారి, సాయంత్రం ఓసారి, నెల రోజులు పారకట్టెతో క్యాలెండర్ బెల్టును గురి చూసింది. చూసి చూసి బర్రెలకు కూడా అలవాటైంది.

ట్రైనింగ్ సెంటర్ ఊరవతల, ఔటర్ రింగు రోడ్డు దాటాక. వర్షిత పరుగులో మొదటిది, చట్టం పేపర్లలో మొదటి పదిమందిలో ఒకతి. ఫైరింగ్ దగ్గర పడిపోయింది. నూరు మీటర్ల మీద ఇన్సాస్‌తో పది రౌండ్లు కొట్టాలి. కాగితం మీది మనిషి బొమ్మకు ఛాతి మీద ఒక గుండ్రటి గీత ఉంటుంది. ఏడు తూటాలు దాని లోపల పడితే పాస్. మొదటిసారి వర్షితవి ఒక్కటీ పడలేదు. రెండోసారి రెండు పడ్డాయి. మూడోసారి సోమవారం పొద్దున. అదీ తప్పితే పేరు కొట్టేసి ఇంటికి పంపుతారు, వచ్చే బ్యాచ్‌లో మళ్ళీ మొదటి నుంచి. ఆ బ్యాచ్ ఎప్పుడో చెప్పే నాథుడు లేడు. నిరుడు అలా ఇంటికొచ్చిన ఇద్దరు పిల్లలు ఇంకా ఇంట్లోనే ఉన్నారు.

ఆ ఆదివారం తొమ్మిది గంటలకు వర్షిత ఇంటికొచ్చింది. సాయంత్రం ఆరింటికల్లా సెంటర్ గేటు లోపల ఉండాలి. సంచిలోంచి రెండు కాగితాల చుట్టలు తీసి మంచం మీద పెట్టింది.

"ఉస్తాద్ ఇచ్చిండు బాపు. ఇంటికి తీస్కపోయి చూస్కుంట ఏడువు అన్నడు."

బీరయ్య విప్పి చూశాడు. మొదటి కాగితం మీద పది చిల్లులూ బొమ్మ పొట్ట దగ్గర, బెల్టుకు రెండు వేళ్ళ ఎత్తున, ఒక్క చోట గుంపుగా ఉన్నాయి. అరచేతితో మూస్తే పదీ మూసుకుపోయాయి. రెండో దానిలో ఎనిమిది అక్కడే, అంతే గుంపుగా ఉన్నాయి. రెండు మాత్రం పైన ఛాతిలో, గీత లోపల పడ్డాయి.

"గింత మంచిగ గుంపు కొడ్తున్నవ్, మరి ఇంత కిందికేంది?"

"నేను ట్రిగ్గర్‌ను గుంజుతున్నన్నట. అందుకే గన్ కిందికి వంగుతున్నదట. నెల రోజుల సంది గన్ మొన మీద రూపాయి బిళ్ళ వెట్టి, అది వడకుంట ట్రిగ్గర్ నొక్కిపిస్తున్నడు."

"బిళ్ళ వడ్తున్నదా?"

"ఒక్కపారి గూడ వడలే."

"మరి నీ తప్పేమున్నదే? గన్ తప్పు. నే చెప్పలే? రెండుపార్లు ఒకటే గన్నా?"

"కాదు. మొదలు నలభై మూడు నంబర్. తర్వాత మార్చి పదిహేడు ఇచ్చిన్రు."

"రెండూ దొందూ దొందే. ఇన్సాస్ గదా" అని తేల్చేశాడు బీరయ్య. తర్వాత వేలితో రెండో కాగితం మీద ఛాతి దగ్గర పొడిచాడు. "ఇయ్యేంది? ఎనిమిది ఒక్కకాడ కొట్టి, ఈ రెండు గింత దూరం ఎట్ల చెదిరినయ్? ఊపిరి వదిలినవా?"

వర్షిత ఏదో చెప్పబోయి ఆగింది. "చెదిరినయ్ బాపు" అంది మెల్లగా.

"రేపు గట్ల చెదరొద్దు. చెయ్యి కదలొద్దు, ఊపిరి కదలొద్దు. బెల్టు ఇడ్వకు. ఆ గన్ను ఖరాబైతే ఇంకో గన్ను అడుగు."

ఆండాలు కోడికూర వండింది. వర్షిత రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంది. "తప్పితే ఏమైతదే, ఇంటికే వస్తవ్ గదా" అని తల్లి ధైర్యం చెబుదామని అన్న మాటకు ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండు గంటలకు బస్సు ఎక్కింది.

బిడ్డను బస్సెక్కించి బీరయ్య తిన్నగా ఇంటికి రాలేదు. కాగితాలు చంకలో పెట్టుకుని పత్తర్‌గట్టికి బండి తోలాడు. బాధ ఉంది, కాదనను. కానీ ఆ బాధ అడుగున చిన్న సంబరం కూడా ఉంది. పదమూడేళ్ళ తగువుకు ఇన్నాళ్ళకు కాగితం సాక్ష్యం దొరికింది మరి. రెండు వేర్వేరు ఇన్సాస్‌లు, రెండూ జానెడు కిందికి కొడుతున్నాయి. కాగితం చెబుతుందన్నాడుగా అజ్మత్ భాయ్, ఇప్పుడు చెప్పించుకోమను.

అజ్మత్ అలీ ఒక పాత మిషను పొట్ట విప్పి కూర్చున్నాడు. బీరయ్య కాగితాలు రెండూ పని బల్ల మీద పరిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"చూస్కో నీ ఇన్సాస్ కథ. నా బిడ్డ నౌకరి తినేతట్టున్నది."

అజ్మత్ అలీ కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు. ముందు మెచ్చుకున్నాడు. "మాషా అల్లా, ఏం గ్రూపింగ్! నీ బిడ్డ చెయ్యి రాయి లెక్కున్నది బీరన్నా." తర్వాత రెండు కాగితాలనూ తీసుకుని, ఒకదాని మీద ఒకటి పెట్టి, గుమ్మం వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. రెండు గుంపులూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. చిల్లుల్లోంచి సందులో పోతున్న ఆటోలు కనబడుతున్నాయి.

"ఒకటే గన్నా?"

"వేరే వేరే. నలభై మూడు, పదిహేడు."

"నక్కో" అని తల అడ్డంగా ఊపాడు అజ్మత్ అలీ. "రెండు గన్నులు కలిసి ఒకటే తప్పు చెయ్యయ్. ఇరవై రెండేండ్లు చూసిన నేను. ఒకటి కిందికి కొడితే ఇంకోటి పక్కకు కొడ్తది. దేని వంకర దానిది. గివి రెండు ఒకటే జాగల కొట్టినయంటే గన్నులు సాఫ్ ఉన్నయ్. అవి చెప్పినకాన్నే కొడ్తున్నయ్. పిల్లకు ఏడ గురి చూడుమని చెప్పినవ్?"

"ఇంకేడ? బెల్టు మీద."

అజ్మత్ అలీ కాగితాలు దించి బల్ల మీద పెట్టాడు. ముసలాయన గోడకు పాత కొలత టేపును అడ్డంగా రెండు మేకులకు కట్టి, దారపు ఉండ తీశాడు.

"ఇగో, ఈ టేపు నీ కన్ను చూసే గీత. సీదా. గోలీ గిట్ల సీదా పోదు. కింద మొదలై, గీత దాటి మీదికి లేచి, మళ్ళా వంగి వచ్చి గీత మీద వడ్తది. ఏడ వడాలె అన్నది గన్ను మీద గురి చూసే సైటు చెప్తది. నీ ఏకే సైటు లడాయిల ఎంతకు పెట్టి ఉంటది?"

"మూడు వందలకు. అందరం గట్లనే పెట్టెటోళ్ళం, మార్చెతందుకు టైము ఏడుంటది."

"హౌ, గదే. మూడు వందల కాడ వడాలంటే నడుమల మస్తు లేవాలె." దారాన్ని గోడ మీద విల్లులా వంచి పట్టి చూపించాడు. "నూరు మీటర్ల కాడ గీత మీద జానెడు ఎత్తుల ఉంటది. బెల్టు చూస్తే ఛాతిల వడ్తది. నీ సుబేదార్ సహీ చెప్పిండు. నీ ఏకేకు సహీ చెప్పిండు."

దారాన్ని కొంచెం బిగించాడు. వంపు దాదాపు పోయింది.

"ఇది ఇన్సాస్. చిన్న గోలీ, తేజ్ పోతది. సైటు రెండు వందలకు ఉంటది. గంత లేచే అవసరం లేదు. నూరు కాడ రెండు వేళ్ళు లేస్తది, గంతే. బెల్టు చూస్తే?"

బీరయ్య కళ్ళు తనకు తెలియకుండానే కాగితం మీదికి పోయాయి. బెల్టుకు సరిగ్గా రెండు వేళ్ళ ఎత్తున ఉన్నాయి చిల్లులు.

ఒకసారి వేళ్ళు పెట్టి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. తనకు మూడో క్లాసు వచ్చిన ఆ రోజు కూడా కళ్ళ ముందుకొచ్చింది. ఆ రోజూ బెల్టే చూశాడు. ఆ రోజూ చిల్లులన్నీ కింద, ఒక్క చోటే పడ్డాయి. ఇరవై ఏళ్ళుగా తిట్టిన తుపాకి, తను చూపించినచోటే కొట్టింది.

"మరి గీ రెండు?" అన్నాడు చివరికి, ఛాతిలో ఉన్న చిల్లులు చూపిస్తూ. "చెదిరినయని తిట్టిన."

"ఇవి చెదరలే బీరన్నా. పదిట్ల సహీగ వడ్డయి గివే."

గడియారం నాలుగు దాటింది. బీరయ్య ఫోను తీసి బిడ్డకు చేశాడు. స్విచాఫ్. బస్సులో పడుకుందో, బ్యాటరీ అయిపోయిందో. ఆరు దాటితే ఫోనులన్నీ ఆఫీసులో పెట్టేస్తారు. రేపు పొద్దున ఏడింటికి ఆ పిల్ల బోర్లా పడుకుని, తండ్రి చెప్పిన మాట మీద భక్తితో, పది తూటాలూ పొట్టలో కొడుతుంది. ఈసారి రెండు కూడా చెదరవు. చెదరొద్దని తనే చెప్పి పంపాడు.

"లే" అన్నాడు అజ్మత్ అలీ. మిషను పొట్ట అలాగే వదిలేసి షట్టర్ దించాడు. తన స్కూటర్ తీశాడు. బీరయ్య బండిని అక్కడే వదిలేయించి, ఆయన్ను వెనక ఎక్కించుకున్నాడు.

ఆదివారం సాయంత్రం చార్మినార్ చుట్టూ జనం. గాజుల బండ్లు, ఆటోలు, పెళ్ళి బట్టలకొచ్చిన కుటుంబాలు. ఫలక్‌నుమా దాటేసరికి అయిదైంది. ఇంటి సందు ముందు నుంచే పోతున్నా బీరయ్య అటు చూడలేదు. వెనక కూర్చుని ఆలోచిస్తున్నాడు. సిగ్గు అంతకంతకూ పెరుగుతోంది.

"భాయ్, ఒకటి చెప్తా" అన్నాడు, అజ్మత్ అలీ చెవి దగ్గరికి వంగి. "ఉస్తాద్‌తోని నువ్వు మాట్లాడు. ఆర్మరర్‌వు గదా, నమ్ముతడు. సైటుల ఏదో ఫరక్ ఉన్నట్టున్నది, పిల్లను జర మీదికి చూసి కొట్టమను అని చెప్పు. నా ముచ్చట ఎందుకు నడుమల?"

అజ్మత్ అలీ స్కూటర్ పక్కకు ఆపాడు. ఇంజను ఆపలేదు.

"సైటుల ఫరక్ లేదు. గన్నుల మీద నేను అబద్ధం చెప్ప. ఇంకో మాట, నేను చెప్తే ఉస్తాద్ వింటడు, నీ బిడ్డ వినదు. అది బాపు చెప్పిందే పట్టుకొని కూసుంటది. నువ్వు చెప్పాలె. చెప్పనంటే ఇప్పుడే దిగు, మళ్ళిపోదం."

బీరయ్య దిగలేదు. స్కూటర్ కదిలింది.

గేటు దగ్గరికి చేరేసరికి ఆరూ పదైంది. సెంట్రీ విజిటింగ్ టైము అయిపోయిందన్నాడు. ఫైరింగ్ ఉస్తాద్‌ను ఒక్కసారి పిలవమని బీరయ్య బతిమాలాడు. సెంట్రీ ఇతని నడక చూసి, నిలబడ్డ తీరు చూసి, "ఫౌజా?" అని అడిగి ఫోను కొట్టాడు. పావుగంటకు ఉస్తాద్ ఆగయ్య వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి, ఇస్త్రీ నలగని మనిషి. రేపటి పరీక్ష గురించి ఏ సిఫారసు వచ్చిందోనని ముఖం ముందే గంటుపెట్టుకుని ఉన్నాడు.

"ఏంది పెద్దమనిషి?"

"నేను వర్షిత తండ్రిని సార్. హవల్దార్ బీరయ్య, రిటైర్డ్." కాగితాలు విప్పబోయి చుట్టేశాడు. గన్ను గురించి ఒక మాట నాలుక చివరి దాకా వచ్చింది. పక్కన అజ్మత్ అలీ కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. "నా బిడ్డ ట్రిగ్గర్ గుంజుతలేదు సార్. బెల్టు మీద గురి చూస్తున్నది."

"నేను రెండుపార్లు అడిగిన. సెంటర్ మీదనే చూస్తున్న సార్ అన్నది."

"నేనే చెప్పొద్దన్న సార్. బెల్టు చూడుమన్నది నేను, ఉస్తాద్‌కు చెప్పకు అన్నది గూడ నేను. నా అలవాటు ఏకేది. ఇన్సాస్‌కు అది పనికిరాదని నాకు ఇయ్యాలనే తెలిసింది."

ఆగయ్య కాసేపు ఆయన వంక, కాసేపు కాగితాల వంక చూశాడు. "నెల రోజులు సార్" అన్నాడు. కోపంలో కూడా సార్ అనే వచ్చింది. "నెల రోజులు ఆ పిల్లతోని రూపాయి బిళ్ళ ఆట ఆడించిన. బిళ్ళ వడ్తలేదు, గోలీ కింద వడ్తున్నది, నాకు పిచ్చి లేసింది. మీరు ఫౌజోళ్ళు గదా, గట్ల చెప్పొచ్చునా?"

"తప్పైంది సార్."

"పై రెండు నేనూ చూసిన. లక్కీగ తగిలినయ్ అనుకున్న" అని ఆగయ్య తన మీద తనే చిరాకుపడ్డాడు. తర్వాత సెంట్రీ వైపు తిరిగి, "వర్షితను పిలువు" అన్నాడు.

వర్షిత పరుగున వచ్చింది. ఉస్తాద్‌ను చూసి కాళ్ళు జోడించి సెల్యూట్ కొట్టింది. తండ్రిని చూసి, అమ్మకు ఏమైందోనని ముఖం పాలిపోయింది. గేటు ఇవతల బీరయ్య, అవతల బిడ్డ. ఇద్దరూ అటెన్షన్‌లోనే ఉన్నారు. తను అలా నిలబడి ఉన్నట్టు బీరయ్యకు తెలియనే లేదు.

"అమ్మ మంచిగున్నది బిడ్డా. నేను చెప్పింది తప్పు, అది చెప్పనీకి వచ్చిన" అన్నాడు. "బెల్టు ముచ్చట ఏకేకు. నీ గన్నుకు కాదు. గన్నులో ఏం ఖరాబు లేదు, నీ చేతిల ఏం ఖరాబు లేదు. నేను నేర్పింది ఖరాబు. రేపు సీదా ఛాతి మీద చూడు."

వర్షిత గేటు ఊచ పట్టుకుంది.

"ఆ రెండు చెదిరినయని పొద్దుగాల తిట్టిన చూడు, అవి చెదరలేదు బిడ్డా, అవే సహీ."

"నాకు ఎరుకే బాపు" అంది.

"ఏంది ఎరుక?"

"ఆ రెండు చెదరలే. నేను కావాలనే ఛాతి మీద చూసి కొట్టిన. ఆరు కింద వడ్డయని దుర్బిన్‌ల చూసి ఉస్తాద్ ఒర్రిండు. గప్పుడు భయమైంది. ఏడోది, ఎనిమిదోది ఛాతి చూసి కొట్టిన. సెంటర్‌ల వడ్డయన్నడు." ఊచ మీంచి చెయ్యి తీసింది. "గప్పుడు నువ్వు యాదికొచ్చినవ్. పానం మీదికొచ్చి నేర్చుకున్న అన్నవ్ గదా. నీ మాట తప్పితినని బుగులైంది. మిగిలిన రెండు మళ్ళా కిందికే దించిన."

ఎదురుగా గురి తగులుతుంటే, ఉద్యోగం పోతుంటే, ఆ పిల్ల తన కళ్ళను కాదని తండ్రి మాటను నమ్మింది. అంత నమ్మకానికి తను తగినవాడేనా అని బీరయ్యకు మొదటిసారి సందేహం కలిగింది. బాధ కూడా అంతే కలిగింది. ఊచల మధ్య నుంచి చెయ్యి పెట్టి బిడ్డ తల మీద ఉంచాడు. ఉస్తాద్ ఆగయ్య అటు తిరిగి, సెంట్రీ రిజిస్టరులో లేని తప్పులు వెతికాడు.

"రేపు నీ కండ్లను నమ్ము బిడ్డా" అన్నాడు చివరికి. "నన్ను కాదు."

సోమవారం పొద్దున ఏడు నుంచి బీరయ్య ఏ పనీ సరిగా చెయ్యలేదు. పాలు రెండిళ్ళకు తప్పు కొలత పోశాడు, ఒక ఇంటికి అసలు పొయ్యలేదు. పదిన్నరకు కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. ఉస్తాద్ ఆగయ్య. "తొమ్మిది" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. ఆండాలు ఆ మాట విని మళ్ళీ కోవాకు పాలు పొయ్యి మీద పెట్టింది. బీరయ్య కొట్టంలోకి పోయి, క్యాలెండర్ మీది బొగ్గు బొమ్మను తడిగుడ్డతో తుడిచేశాడు.

ఆ తర్వాతి ఆదివారం వర్షిత, తండ్రి బండెక్కి నేరుగా పత్తర్‌గట్టికే వచ్చింది. అజ్మత్ అలీ కోసం డబ్బాలో కోవా తెచ్చింది. పని బల్ల మీద మూడో కాగితం పరిచింది. తొమ్మిది చిల్లులు ఛాతి మీది గీత లోపల, బెత్తెడు జాగాలో ఉన్నాయి. ఒక్కటి మాత్రం కింద, బెల్టుకు రెండు వేళ్ళ ఎత్తున ఉంది.

"మాషా అల్లా" అన్నాడు అజ్మత్ అలీ. "చూసినవా బీరన్నా, ఇన్సాస్ అంటే గిదీ."

బీరయ్య తగువుకు దిగలేదు. పదమూడేళ్ళలో మొదటిసారి. ఆయన చూపు కింది చిల్లు మీదే ఉంది.

"ఇదొక్కటి ఏంది బిడ్డా?"

"మొదటిది బాపు" అంది వర్షిత. "మనసుల ఛాతి అనుకుంటనే ఉన్న. కన్ను అలవాటు కొద్ది బెల్టు మీదికే పోయింది. ట్రిగ్గర్ నొక్కినంక యాదికొచ్చింది."

"ఏంది?"

"గేటు కాడ నీ ముఖం."

బీరయ్య ఆ కింది చిల్లు మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత కాగితాన్ని జాగ్రత్తగా చుట్టి, దారం అడిగి కట్టి, ఇంటికి తీసుకుపోతానని చంకలో పెట్టుకున్నాడు. అజ్మత్ అలీ మూడు చాయ్‌లు చెప్పాడు.